అడుగుల జాడ తెలిసిన నేల

మా వీధిలో ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటున్నారు. ఇద్దరు కొడుకుల్లో ఒకరు హైదరాబాదులో, మరొకరు దూరదేశంలో. రెండేళ్ల క్రితం ఒక రాత్రి ఆమె మంచినీళ్ల కోసం లేచి, వంటగది గడప దగ్గర కాలు మడతపడి పడిపోయారు. ఎముక విరగలేదు గాని, ఎంత ప్రయత్నించినా లేవలేకపోయారు. సెల్‌ఫోను మంచం మీదనే ఉండిపోయింది. కేక వేస్తే వినేవారు లేరు. తెల్లవారి పాలు తెచ్చిన కుర్రవాడు తలుపు తట్టి, లోపలి నుండి పలుకు రాకపోయేసరికి పక్కింటివారిని పిలుచుకొచ్చాడు. అప్పటికి ఆమె చల్లని గచ్చు మీద ఐదు గంటలుగా పడి ఉన్నారు.

పెద్దబ్బాయి పరుగున వచ్చాడు. తల్లిని తనతో రమ్మని బతిమాలాడు. ఆమె రానన్నారు. చివరకు పడకగదిలో ఒక కెమెరా పెట్టించి, హైదరాబాదు నుండే చూసుకుంటానని చెప్పి వెళ్లాడు. నాలుగు రోజుల తరువాత మేము పలకరించడానికి వెళ్తే ఆ కెమెరా మీద తువ్వాలు కప్పి ఉన్నది. ఏమిటని అడిగితే, "చీర మార్చుకునే చోట, మూలుగుతూ పడుకునే చోట ఎవరో చూస్తూ ఉంటే ఎట్లా నాయనా? వాడు నా కొడుకే. అయినా సరే" అన్నారు.

ఆ తువ్వాలు మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేసింది. కొడుకు భయం ఉత్తది కాదు. తల్లి బిడియమూ ఉత్తది కాదు. ఒకరి మాట నెగ్గితే మరొకరికి నష్టం. అయితే చూడకుండానే తెలుసుకునే మార్గం ఏదైనా ఉన్నదా? మనిషి ముఖం, ఒళ్లు కనబడకుండా, ఆ మనిషి నిలబడి ఉన్నారో పడి ఉన్నారో మాత్రం ఇల్లే చెప్పగలదా? ఈ ప్రశ్నతో చదువుతూ ఉండగా, ఉత్తర ఐరోపాలోని ఫిన్లాండు దేశంలో హెన్రీ రిమ్మినెన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారు చేసిన పని మా దృష్టికి వచ్చింది. వారు కెమెరాను కాదు, నేలను నమ్ముకున్నారు.

పడటం కన్న పడి ఉండటమే ముప్పు

ముందుగా ఈ పని ఎంత అవసరమో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు కలిగే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో ఎక్కువ భాగం 60 ఏళ్లు దాటినవారివి.

అయితే దెబ్బ ఒక్కటే ముప్పు కాదు. ఇంగ్లండులో ముగ్గురు వైద్య పరిశోధకులు 1981లో ప్రచురించిన అధ్యయనంలో ఒక భయంకరమైన సంగతి తేలింది. పడిపోయి గంటకు మించి నేల మీదనే ఉండిపోయిన వృద్ధుల్లో సగంమంది ఆరు నెలలలోపే మరణించారు. దెబ్బ పెద్దగా తగలనివారికి కూడా ఈ గతి తప్పలేదు. గంటలకొద్దీ ఒకే వైపున ఒత్తిడి పడటం వల్ల కండరాలు దెబ్బతింటాయి, చర్మం పుండు పడుతుంది. ఒళ్లు చల్లబడుతుంది, నీరు అందక మూత్రపిండాలు నలుగుతాయి. అన్నిటినీ మించి, మళ్లీ పడతానేమోనన్న భయం మనిషిని మంచానికి కట్టివేస్తుంది.

ఇదే విషయాన్ని కేంబ్రిడ్జి పట్టణంలో 90 ఏళ్లు దాటిన 110 మందిని ఒక సంవత్సరం పాటు గమనించి, 2008లో మళ్లీ రాశారు. ఆ ఏడాదిలో 265 సార్లు పడినట్టు తెలియగా, పడిన 66 మందిలో 20 మంది గంట, అంతకుమించి నేల మీదనే పడి ఉన్నారు. వారిలో చాలామంది దగ్గర ఆపదలో నొక్కితే చాలు సహాయం వచ్చే బొత్తాములు ఉన్నాయి. కాని ఎక్కువసార్లు వాటిని ఎవరూ నొక్కలేదు. చెయ్యి అందక కొందరు, మతి తప్పి కొందరు, "ఎందుకు ఒకరికి శ్రమ, నేనే లేస్తాను" అనుకొని మరికొందరు. ఈ చివరి మాట మన అమ్మలు, నాన్నలు అనేది కూడా కాదా?

కాబట్టి నొక్కవలసిన బొత్తాము, మెడలో వేసుకోవలసిన పరికరం, ఒంటిమీద ఉండవలసిన వస్తువు ఏదైనా సరే, అవసరమైన ఆ ఒక్క రాత్రి దూరంగానే ఉండిపోవచ్చు. నేల మాత్రం ఎక్కడికీ పోదు. పడిన మనిషి దాని మీదనే ఉంటారు.

టెస్టరు చెప్పే పాఠం

నేలకు మనిషి సంగతి ఎట్లా తెలుస్తుంది? దీనికి పెద్ద చదువు అక్కరలేదు. కరెంటు పనివారి జేబులో ఉండే టెస్టరును తలచుకోండి. దాని మొనను కరెంటు ఉన్న తీగకు తాకించి, వెనుక ఉన్న లోహాన్ని వేలితో ముట్టుకుంటే లోపలి చిన్న దీపం వెలుగుతుంది. వేలు తీస్తే ఆరిపోతుంది. అతి స్వల్పమైన విద్యుత్తు మన శరీరం గుండా భూమికి చేరడం వల్లనే ఆ దీపం వెలుగుతున్నది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నా అది మసకగానైనా వెలుగుతుంది. చెప్పు అడ్డమున్నా మన దేహానికీ నేలకూ మధ్య కంటికి కనబడని విద్యుత్ సంబంధం ఉన్నదన్నమాట.

మన శరీరంలో సగానికి పైగా నీరే. అందులో ఉప్పులు కరిగి ఉంటాయి. అందుచేత మనం విద్యుత్తుకు మంచి బాట. విద్యుత్తు ఉన్న ప్రతి వస్తువు చుట్టూ ఒక ప్రభావం వ్యాపించి ఉంటుంది. దానినే విద్యుత్ క్షేత్రం అంటారు. ఆ క్షేత్రంలోకి మనిషి వస్తే, పారుతున్న కాలువలో అడ్డంగా నిలబడినప్పుడు నీరు పక్కకు మళ్లినట్టు, ఆ క్షేత్రం కూడా మళ్లుతుంది, వంగుతుంది, కొంత మనలోనికి లాగబడుతుంది. ఆ మార్పును కొలవగలిగితే మనిషిని తాకకుండానే, చూడకుండానే, ఉన్నాడని చెప్పవచ్చు.

పాత రేడియో ఉన్న ఇండ్లలో ఇది అందరూ చూసినదే. గరగరమంటున్న రేడియో దగ్గరకు చెయ్యి పోనిస్తే స్టేషను మారిపోయినట్టు శబ్దం మారేది. ఈనాటి సెల్‌ఫోను అద్దం పని చేసేదీ ఇదే సూత్రం మీద. వేలు ఆనిస్తే కదులుతుంది, పుల్లతో పొడిస్తే కదలదు. చేతులు తడిగా ఉంటే తికమకపడుతుంది. ఫోను అద్దం చేసే ఆ పనిని గది వెడల్పున చేయించడమే ఈ పరిశోధకుల సంకల్పం.

చేప దగ్గర ఉన్న విద్య

మనుష్యులకు ఇది కొత్త గాని సృష్టిలో ఇది పాత సంగతే. నైలు నదిలోను, పశ్చిమ ఆఫ్రికా నదుల్లోను జిమ్నార్కస్ అనే పొడవాటి చేప ఉన్నది. రాత్రిపూట తిరుగుతుంది, చూపు అంతంత మాత్రం. హాన్స్ లిస్‌మన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఈ చేపను లండను జంతుప్రదర్శనశాలలో చూసి ఆశ్చర్యపోయాడు. అది వెనక్కి ఈదుతూ కూడా దేనికీ తగలకుండా పోతున్నది. 1951లో ఆయన ప్రకటించిన సంగతి ఏమిటంటే, ఆ చేప తోక నుండి బలహీనమైన విద్యుత్తు ఆగకుండా వెలువడుతూ ఉంటుంది.

1958లో ఆయన, మాచిన్ అనే సహచరుడు కలసి మరొక పరీక్షను ప్రకటించారు. నీళ్లు ఊరే మట్టికుండలను ఆ చేప ఉన్న తొట్టిలో ఉంచారు. బయటికి కుండలన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక దానిలో నీరే ఉన్నది, మరొక దానిలో గాజు కడ్డీ ఉన్నది. లోపల ఏమున్నదో చేప బయటి నుండే తెలుసుకున్నది. తన చుట్టూ తానే ఒక క్షేత్రాన్ని పరచుకొని, అది ఎక్కడ వంగుతున్నదో ఒంటిమీది సూక్ష్మమైన రంధ్రాలతో గ్రహించి, చీకటిలో దారి వెదుక్కుంటున్నదన్నమాట.

ముట్టుకోకుండా మోగిన వాద్యం

మనుష్యులలో ఈ విద్యను మొదట వాడుకలోకి తెచ్చినవారిలో రష్యా దేశపు లెవ్ తెర్మెన్ ఒకడు. 1920 ప్రాంతంలో వాయువుల గుణాలను కొలిచే పరికరం తయారు చేస్తూ ఉండగా, తన చెయ్యి దగ్గరకు పోయినప్పుడల్లా దాని మోత మారుతున్నట్టు గమనించాడు. ఆయన సంగీతం తెలిసినవాడు. ఆ మోతనే రాగంగా మలిచి, చేతితో ముట్టుకోకుండా గాలిలో వేళ్లాడించి వాయించే వాద్యం చేశాడు. ఐరోపా, అమెరికాలలో దానికి ఆయన పేరు మీదనే తెరమిన్ అని పేరు వచ్చింది.

ఆ తరువాత మళ్లీ ఒక సంగీత వాద్యమే ఈ విద్యను ముందుకు నడిపించింది. 1990ల ఆరంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే శాస్త్రజ్ఞుడు, యో-యో మా అనే ప్రసిద్ధ కళాకారుని సెల్లో వాద్యానికి కొత్త పరికరాలు అమర్చుతున్నాడు. కమాను ఎక్కడ ఉన్నదో విద్యుత్ క్షేత్రంతో కొలవాలని ప్రయత్నం. కాని వాయించేవాని చెయ్యి అడ్డుపడి ఆ లెక్కను చెడగొడుతున్నది. మొదట దానిని చిక్కుగా భావించారు. తరువాత అసలు వరం అదేనని గుర్తించారు. చెయ్యి లెక్కను చెడగొడుతున్నదంటే, ఆ చెడిన లెక్కను బట్టి చెయ్యి ఎక్కడున్నదో చెప్పవచ్చు! 1995లో ఆయన, జిమ్మర్‌మన్, స్మిత్, పారడిసో తదితరులు కలసి ప్రకటించిన వ్యాసం ఈనాటి పరిశోధకులకు పునాదిరాయి వంటిది. కుర్చీలో, బల్లలో, గోడలో దాచిపెట్టిన లోహపు రేకులు మనిషి కదలికను ఎట్లా గ్రహించగలవో వారు అందులో వివరించారు.

ఫిన్లాండు వారి నేల

ఇప్పుడు రిమ్మినెన్ పనికి వద్దాం. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో రైమో సెప్పొనెన్ అనే ఆచార్యుని బృందంలో ఆయన పని చేశాడు. 2010 నుండి ఆ విశ్వవిద్యాలయం ఆల్టో విశ్వవిద్యాలయంలో భాగమైంది. రిమ్మినెన్ 2011లో ఈ అంశం మీదనే డాక్టరేటు గ్రంథం సమర్పించాడు.

వారి ఏర్పాటు ఇది. నేల పైపొర కింద పలుచని లోహపు పట్టీలను గళ్లు గళ్లుగా పరుస్తారు. వాటిలోకి అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాన్ని పంపుతారు. నడిచేవారికి అది తగలదు, తెలియనే తెలియదు. మనిషి నిలబడితే రెండు పాదాల మేర మాత్రమే ఆ క్షేత్రం మారుతుంది. కంప్యూటరుకు రెండు చిన్న మచ్చలు కనబడినట్టు. నడుస్తూ ఉంటే ఆ మచ్చలు ఒకదాని తరువాత ఒకటి ముందుకు జరుగుతాయి. మనిషి పడిపోతే తల, భుజం, నడుము, తొడ అన్నీ నేలకు ఆనుతాయి గనుక ఒక్కసారిగా పెద్ద మచ్చ పరుచుకుంటుంది. ఆ మచ్చ ఆకారం, పరిమాణం, బలం, ఈ మూడింటినీ బట్టి పడ్డారా లేదా అని యంత్రం తీర్పు చెబుతుంది. ముఖం లేదు, బట్టలు లేవు, ఒళ్లు లేదు. నేల మీద ఒక మరక వంటి నీడ మాత్రమే.

2010లో వారు తమ పరీక్ష ఫలితాన్ని ప్రకటించారు. అడ్డంగా 9, నిలువుగా 16 గళ్లున్న నేల మీద పదిమంది చేత 650 సార్లు రకరకాలుగా కదిలించి చూశారు. నిజంగా పడిన నూరు సార్లలో 91 సార్లు నేల సరిగా గుర్తించింది. పడనప్పుడు పడలేదని చెప్పడంలోను అదే లెక్క, నూటికి 91.

ఇటువంటి నేలలను ఫిన్లాండులోని కొన్ని వృద్ధుల సంరక్షణ గృహాలలో పరిచారు. రాత్రివేళ మంచం దిగినా, పడినా నర్సుకు కబురు అందుతుంది. జర్మనీలో కూడా ఒక సంస్థ, నేల కింద పరిచే వస్త్రంలోనే చదరపు మీటరుకు 32 చొప్పున ఇటువంటి గ్రాహకాలను అల్లి అమ్ముతున్నది. పాదం కింద పెట్టగానే మరుగుదొడ్డి దారి పొడవునా సన్నని దీపాలు వెలిగేట్టు కూడా దానితో అమర్చుకోవచ్చు. పడిన తరువాత కబురు చేయడం కన్న, పడకుండా దారి చూపడం ఇంకా మేలు కదా!

దీనికీ లోపాలున్నాయి

చదువరులారా, కొత్త వస్తువు ఏది వచ్చినా దానిని ఆకాశానికి ఎత్తడం తేలిక. నూటికి 91 అంటే, పడిన నూరుసార్లలో 9 సార్లు నేల గమనించలేదని కూడా అర్థం. ఆ తొమ్మిదిలో ఒకరు మన అమ్మ కావచ్చు. పైగా పరీక్షలో పడినవారు కావాలని పడినవారు. ముసలితనంలో గోడను పట్టుకొని మెల్లగా జారేవారు, కుర్చీకి ఆనుకొని కూలబడేవారు ఆ లెక్కకు పూర్తిగా అందరు. ఇక పడకుండానే పడినట్టు పదేపదే గంట మోగితే, కొన్నాళ్లకు ఆ గంటను ఎవరూ లెక్కచేయరు.

మన ఇండ్లకు వచ్చేసరికి చిక్కులు మరి కొన్ని ఉన్నాయి. ఇటువంటి నేలకు తడి పెద్ద శత్రువు. నీరు కూడా విద్యుత్తుకు బాటే గనుక క్షేత్రాన్ని తారుమారు చేస్తుంది. మనం రోజూ గచ్చు కడుగుతాం. వానాకాలంలో నేల చెమర్చుతుంది. కరెంటు పోతే నేల నిద్రపోతుంది. తడిగా ఉండే స్నానాల గది దగ్గర కూడా మనిషి పడే ముప్పు ఉన్నది. ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు, ఉన్న నేల మీద కొత్త నేల పరవాలి.

మరొక సంగతి కూడా దాచకూడదు. ఈ నేలకు ముఖం కనబడదు గాని, దేనినీ ఎరుగదని అనలేము. అడుగు ఎత్తి దించే ప్రతిసారీ మన దేహంలోని విద్యుత్ స్థితి కొంచెం మారుతుంది. నైలాను దుప్పటి దులిపినప్పుడు చిటపటలాడే విద్యుత్తు వంటిదే ఇది. ఆ మార్పును దూరం నుండే కొలిచి, నడుస్తున్నది ఇంట్లో ఎవరో కూడా పోల్చవచ్చునని 2016లో జర్మనీ పరిశోధకులు, వారితో పని చేసినవారు చూపించారు. ఆ పనికి వారు ప్లాటిపస్ అని పేరు పెట్టారు. అది ముక్కుతో విద్యుత్తును పసిగట్టే ఆస్ట్రేలియా జంతువు పేరు. అంటే రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎంతసేపు నిద్ర పట్టక తిరిగారు, ఇంటికి ఎవరు వచ్చారు అన్నది కూడా నేలకు తెలుస్తుంది. ఆ కబురు ఎవరి చేతికి పోతుందో, ఎంతకాలం ఉంటుందో ఆ ఇంటి పెద్దలకు చెప్పి, వారి ఒప్పుదల తీసుకోవాలి. కెమెరా కాదు గదా అని అడగకుండా పెడితే అది కూడా ఆ తువ్వాలు కప్పవలసిన వస్తువే అవుతుంది.

నేల పిలిస్తే వచ్చేదెవరు?

ఇంత చదివిన తరువాత మాకు ముఖ్యమని తోచినది ఒకటి ఉన్నది. ఫిన్లాండులో నేల పిలిస్తే పక్కగదిలోని నర్సు వస్తుంది. మన ఊరిలో నేల పిలిస్తే ఎవరు వస్తారు? హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోను మోగినంత మాత్రాన తల్లి లేవదు. దగ్గరలో ఉన్న రెండు చేతులు కావాలి. ఎంత గొప్ప యంత్రమైనా కబురు మాత్రమే చెప్పగలదు.

కాబట్టి ఆ నేలలు మన దాకా వచ్చే లోపల, ఖర్చు లేకుండా మన చేతనైనవి కొన్ని ఉన్నాయి.

ఒంటరిగా ఉన్న పెద్దలు ఫోనును మంచం మీద వదలక, చిన్న సంచిలో మెడకో నడుముకో కట్టుకోవాలి. మంచం నుండి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న దీపం ఉంచాలి. గడప దగ్గర గోడకు పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించాలి. దారిలో తాడు, గోనె, తడిబట్ట ఉండకూడదు. పడితే కంగారుగా లేవబోకుండా, ముందు ఊపిరి తీసుకొని, నొప్పి ఎక్కడున్నదో చూసుకోవాలి. పెద్ద నొప్పి లేకపోతే పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీనో మంచం కోడునో పట్టుకొని మెల్లగా లేవాలి. లేవలేకపోతే దుప్పటి అందుకొని కప్పుకొని, చేతికందిన గిన్నెను నేలకు కొడుతూ ఉండాలి. కేక కన్న ఆ చప్పుడు దూరం పోతుంది, గొంతు అలసిపోదు.

బిడ్డలు తల్లిదండ్రుల కోసం ఏ పరికరం కొనదలచినా ముందు వారినే అడగాలి. "మీకు ఏది భయం? ఏది ఇబ్బంది?" అన్న రెండు ప్రశ్నలు ఏ పరికరం కన్నా ముందు కావాలి.

మా వీధి మామ్మగారి సంగతి చెప్పి ముగిస్తాము. కొడుకు ఈసారి వచ్చినప్పుడు తువ్వాలు చూసి కోపపడలేదు. తల్లి పక్కన కూర్చొని అడిగాడు. ఆమె చెప్పారు. కెమెరాను పడకగది నుండి తీసి ఆమె ఇష్టప్రకారమే వీధి అరుగు వైపు పెట్టించాడు. పక్కింటి కోడలితో ఒక ఒప్పందం కుదిరింది. మామ్మగారు తెల్లవారి ఆరు గంటలకల్లా వీధి కిటికీ రెక్కలు తెరవాలి. తెరవకపోతే ఆ అమ్మాయి తాళంచెవి తీసుకొని లోపలికి వెళ్తుంది. రాత్రి పడుకోబోయే ముందు మరొకసారి, గోడ మీద మూడుసార్లు తట్టాలి. అటు నుండి మూడుసార్లు తట్టితే విన్నట్టు.

మొన్న వానలకు ఆ కిటికీ రెక్క ఉబ్బి తెరుచుకోలేదు. ఆరు దాటి ఐదు నిమిషాలు కాకముందే పక్కింటి కోడలు తడిసిన కాళ్లతో ఆ గచ్చు మీద నిలబడి ఉన్నది. మామ్మగారు పొయ్యి దగ్గర కాఫీ కాస్తూ నవ్వారట. "కిటికీ సంగతి వడ్రంగికి చెప్పాలి. నువ్వు కూర్చో, నీకూ ఒక గ్లాసు పోస్తాను" అన్నారట.